పాఠకుల ప్రశ్నలు: మండలంలో నడిమి ఇంటి ఆదాయం తేల్చడమెలా?

ప్రశ్న: మా మండలంలో కుటుంబ ఆదాయపు మధ్యగతం అంచనా వేయమని కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. జిల్లా తలసరి ఆదాయాన్ని నాలుగుతో గుణిస్తే సరిపోతుందా? లేక రేషన్ కార్డుల్లో రాసిన ఆదాయం తీసుకోవాలా?
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: రెండూ పనికిరావు. తలసరి ఆదాయం సగటు, మధ్యగతం కాదు. ఇళ్ల ఆదాయాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేదే మధ్యగతం. పైగా అది జిల్లాలో ఉత్పత్తయిన దాని విలువను జనాభాకు పంచి చూపే లెక్క. కోనసీమ నేలలోంచి ఓఎన్‌జీసీ తీసే గ్యాసు విలువ అందులో చేరుతుంది, ఆ డబ్బు మాత్రం ఊళ్లో ఇళ్లకు రాదు. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుతో ఇల్లు నడుస్తున్నా, అది అందులో కనపడదు.

ఇక కార్డులు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో బియ్యం కార్డుకు (రేషన్ కార్డుకు) నెలకు 10,000 రూపాయల ఆదాయ పరిమితి పెట్టారు. అందుకే కాగితం మీది ఆదాయాలు ఏడాదికి 1,20,000 లోపే కుప్పపడతాయి. పెళ్లయిన కొడుకు వేరే కార్డు తీసుకుని తల్లిదండ్రుల దగ్గరే తింటుంటే కార్డులు రెండు, కుటుంబం ఒకటే. జనగణన పద్ధతి పాటించండి: ఒకే వంట తినేవాళ్లు ఒక కుటుంబం. కానీ జనగణన ఆదాయం అడగదు. 2011 సామాజిక ఆర్థిక కుల గణన అడిగినా, ఇంట్లో ఎక్కువ సంపాదించే ఒక్కరి నెల ఆదాయం 5,000 లోపా, 10,000 లోపా, ఆ పైనా అన్నంత వరకే. కాబట్టి గుమ్మం ఎక్కక తప్పదు.

‘మీ ఆదాయం ఎంత?’ అని మాత్రం అడగొద్దు. కార్డు పోతుందన్న భయంతో తగ్గించే చెబుతారు. జూన్ నుంచి మే దాకా ఏడాది తీసుకుంటే సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి పంటలు రెండూ వస్తాయి. సొంత చేను ఎంత, కౌలు ఎంత, ఎన్ని బస్తాలు, ఏ ధరకు అమ్మారు, పెట్టుబడి ఎంత అని విడివిడిగా అడగండి. బస్తా అంటే 75 కిలోలని ముందే ఖాయం చేసుకోండి. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300, అంటే బస్తాకు 1,725. రైతు చేతికి నిజంగా వచ్చిన ధరే రాయండి. కౌలు రైతు ఎకరాకు 35 బస్తాలు పండించి, 15 బస్తాలు కౌలుగా కొలిచాడనుకుందాం. మిగిలిన 20 బస్తాల విలువలోంచి పెట్టుబడి తీసేస్తే అతని ఆదాయం. ఆ 15 బస్తాలు పొలం ఆసామి ఇంటి లెక్కలోకి వెళ్తాయి, ఆయన కాపురం ఈ మండలంలో ఉంటేనే. హైదరాబాదులో ఉంటే మనకు సంబంధం లేదు. తిండికి ఉంచుకున్న గింజలకూ ధర కట్టాలి. కొబ్బరికి ఏడాదిలోని దింపులన్నీ (కాయలు దించిన ప్రతిసారీ) అడిగి, దింపు కూలి, ఒలుపు కూలి తీసేయాలి.

జనం చెప్పడం మరిచేది పింఛను. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000, ఏడాదికి 48,000. నడిమి ఇంటిని ఇది ఇటూ అటూ జరపగలదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి జీతం రాయకూడదు, ఇంటికి పంపిందే రాయాలి. పంట రుణం, బంగారం తాకట్టు, పొలం అమ్మిన సొమ్ము ఆదాయం కావు.

ప్రశ్న: ఎన్ని ఇళ్లు అడగాలి? ఫలితం మీద నమ్మకం ఎంత?
– పాలకొల్లు

జవాబు: 200 ఇళ్లతో పని జరుగుతుంది. 6,000 ఇళ్లుంటే ఊళ్లవారీ జాబితా మీద ప్రతి ముప్పయ్యో ఇల్లు. కాలువగట్టు మీది ఇళ్లు, లంకలు జాబితాలో ఉన్నాయో లేదో ముందే చూడండి. తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లకండి, సాయంత్రం మళ్లీ రండి. పగలు కూలికి వెళ్లినవాళ్ల ఇళ్లే తాళాలతో ఉంటాయి. వాళ్లను వదిలేస్తే లెక్క ఒరిగిపోతుంది.

ఆదాయాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి 100, 101వ అంకెల సగటు తీయండి. అదే మధ్యగతం. 86వ అంకె నుంచి 115వ అంకె దాకా ఉన్న మేర సుమారు 95 శాతం విశ్వాస అవధి, అంటే మండలపు అసలు మధ్యగతం ఉంటుందని ఆ మేరకు నమ్మదగిన హద్దులు. విడి అంకెలు లేక ఆదాయ తరగతులే చేతిలో ఉంటే, ఉదాహరణకు 1,20,000 లోపు 82 ఇళ్లు, 1,20,000–1,80,000 మధ్య 54 ఇళ్లు ఉంటే: 100లోంచి 82 పోగా 18. 18ని 54తో భాగించి 60,000తో గుణిస్తే 20,000. మధ్యగతం 1,40,000. అయితే ఆదాయాలు తరగతి అంచునే గుమిగూడితే ఈ సూత్రం తప్పుతుంది, అసలు అంకెలే మేలు.

ప్రశ్న: రొయ్యల చెరువులు పోయినవాళ్లకు సున్నా వేయాలా?
– భీమవరం

జవాబు: వద్దు, నష్టాన్ని నష్టంగానే రాయండి. పై వరుసలో ఉన్నవారి లాభం రెట్టింపైనా మధ్యగతం కదలదు. కానీ తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడాది పెద్ద చెరువుల ఆసామి కూలీ కంటే కిందికి దిగుతాడు, అప్పుడు వరుసే మారిపోతుంది. అందుకే చెరువులకు మాత్రం, నష్టాలు కూడా కలిపి, మూడేళ్ల సగటు తీసుకుని, ఆ సంగతి నివేదికలో రాయండి.

ప్రశ్న: ఊళ్ల మధ్యగతాల సగటే మండల మధ్యగతమా?
– రాజోలు

జవాబు: కాదు. ఇళ్లన్నీ ఒకే వరుసలో పేర్చాలి. ఒక ఊళ్లో ముప్పయ్యికి ఒకటి, ఇంకో ఊళ్లో పదికి ఒకటి తీసుకుంటే, మొదటి ఊరి ఇంటికి 30, రెండో ఊరి ఇంటికి 10 చొప్పున బరువు వేసి కింది నుంచి కూడుకుంటూ వెళ్లండి. మొత్తం బరువులో సగం దాటించిన ఇంటి ఆదాయమే మధ్యగతం.