జ్వరం గురించి చెప్పేటప్పుడు బర్రె సంగతీ చెప్పు

అల్లుడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నెల రోజులుగా సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి చొక్కా పిండేంత చెమట, నడుం నొప్పి. టైఫాయిడని ఊళ్లో రెండుసార్లు ఇంజెక్షన్లు కూడా వేశారన్నావు. ఉత్తరం చివర్లో మాత్రం, బర్రె ఎనిమిదో నెలలో ఈసుకుపోయిందనీ (కడుపు పోయిందనీ), మాయ పడకపోతే నువ్వే చెయ్యిపెట్టి తీశావనీ ఒక్క ముక్క రాశావు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ముక్కే.

దేవరకొండ దగ్గర పశువుల ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో నేనూ గ్లౌజు లేకుండా మాయ తీశాను. కొన్ని వారాలకు ఇదే జ్వరం. మందులు మారుస్తూ మూడు నెలలు తిరిగాను. చివరికి ఒక డాక్టరు "ఏం పని చేస్తావు?" అని అడిగి బ్రూసెల్లా టెస్టు రాశాడు. అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

బ్రూసెల్లా అనేది ఒక క్రిమి. పశువుల్లో ఈసుకుపోయే రోగమూ, మనుషుల్లో ఈ జ్వరమూ దానివల్లే. ఈసుకుపోయిన పిండంలో, మాయలో, ఆ నీళ్లలో క్రిములు విపరీతంగా ఉంటాయి. చేతి మీద చిన్న గాటు చాలు. పచ్చిపాలతోనూ వస్తుంది. గొర్లు, మేకల నుంచి వచ్చే రకం ఇంకా మొండిది.

రేపే నల్లగొండ పెద్దాస్పత్రికి వెళ్లు. డాక్టరు అడగకపోయినా బర్రె సంగతి మొదట చెప్పు. టైఫాయిడ్‌కని చేసే విడాల్ రక్త పరీక్ష ఒక్కదానితో టైఫాయిడ్ అని తేల్చలేరు, వేరే జ్వరాల్లోనూ అది పాజిటివ్ చూపిస్తుంది. బ్రూసెల్లాకు చేసే రోజ్ బెంగాల్ రక్త పరీక్ష గురించి అడుగు. కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడడానికి, రక్తం పంపితే బ్రూసెల్లా అనుమానమని చీటీ మీద రాయించు. ఆ క్రిమి నిదానంగా పెరుగుతుంది, పైగా తెలియక అది పెరిగిన ప్లేటు వాసన చూసిన ల్యాబ్ మనిషికీ అంటుకుంటుంది. సాయంత్రం జ్వరం, చెమటలు టీబీలోనూ ఉంటాయి కాబట్టి ఆ పరీక్ష కూడా అయ్యాకే మందులు మొదలుపెట్టమను.

బ్రూసెల్లా అని తేలితే మామూలుగా డాక్సీసైక్లిన్, దానికి తోడు రిఫాంపిసిన్ లాంటి ఇంకో మందు, మొత్తం ఆరు వారాలు. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడి ఆపకు. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో వేసుకో, వెంటనే పడుకోకు. పది రోజుల్లో జ్వరం తగ్గిపోతుంది, అప్పుడే మనిషి మోసపోయేది. నేను మూడో వారంలో మానేశాను. రెండు నెలలకు జ్వరం తిరగబెట్టింది, మళ్లీ మొదటి నుంచి ఆరు వారాలు మింగాను. కోడలు కడుపుతో ఉందన్నావు కదా, ఆ బర్రె దగ్గరికి అసలు పోనీయకు. ఆమెకు జ్వరమొస్తే కడుపుతో ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, మందులు మారతాయి.

ఇక పశువుల సంగతి. పశువుల వైద్యం నంబరు 1962కు ఫోన్ చేసి బర్రె రక్తం పరీక్షకు ఇప్పించు. ఇంట్లో ఒకరికి జ్వరమని పశువుల డాక్టరుకూ చెప్పు. పాజిటివ్ వస్తే మందులతో నయం చేస్తామనే మాట నమ్మకు, క్రిమి కణాల లోపల దాక్కుంటుంది. వేరుగా కట్టెయ్యి, ఇంకొకరికి అంటగట్టకు. పాలు పొంగే దాకా కాచి తాగండి. ఇకమీద ఏ జీవమైనా ఈసుకుపోతే మాయను కుక్కకు వెయ్యొద్దు, కుక్కకూ ఈ రోగం వస్తుంది. గ్లౌజు వేసుకుని, సున్నం చల్లి, లోతుగా పూడ్చు.

నీ దగ్గరున్న పెయ్యదూడకు ఎన్ని నెలలో ఫోన్ చేసి చెప్పు. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్యలో ఉంటేనే ఈ రోగానికి టీకా వేస్తారు, అదీ జన్మకు ఒక్కసారే.

మీ మామ