మండపంలో మర్చిపోయిన వస్తువు ఎన్నాళ్లు దాచాలి?

ప్రశ్న: తిరుపతిలో ఒక కల్యాణ మండపానికి మేనేజర్‌ని. ముహూర్తాల సీజన్ అయ్యేసరికి మా ఆఫీసు బీరువా నిండిపోతుంది. చార్జర్లు, కళ్లజోళ్లు, పిల్లల చెప్పులు సరే, ఈసారి వెండి కుంకుమ భరిణె, ఒంటి బుట్టకమ్మ కూడా దొరికాయి. మా ఓనరుగారేమో ‘నెల చూడండి, ఎవరూ రాకపోతే బట్టలూ అవీ పనివాళ్లకిచ్చేయండి, వెండీ బంగారం కొండమీద హుండీలో వేసేద్దాం, మనకెందుకు ఆ పాపం’ అంటున్నారు. నెల సరిపోతుందా? ‘పోయిన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని గోడమీద బోర్డు కూడా ఉంది.

జవాబు: మీ ఓనరుగారి మనసు మంచిదే గానీ, హుండీ ఆలోచన మాత్రం మానుకోమనండి. అది అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. ఆర్నెల్ల తర్వాత ఆ భరిణె తాలూకు ఆవిడ వచ్చి నిలబడితే హుండీలోంచి తీసి ఇవ్వలేరు కదా, దాని ఖరీదు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక నెలా, మూడు నెలలా అంటే, చట్టంలో రోజుల లెక్క లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, ఇంకొకరి వస్తువు దొరికి మీరు దాన్ని తీసి దగ్గర పెట్టుకున్నారంటే, వాళ్లు మిమ్మల్ని నమ్మి దాచమని ఇచ్చినట్టే లెక్క. అంటే మీ సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత జాగ్రత్త చూపించాలి. దాన్ని దుర్బుద్ధితో సొంతం చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఉంది (2024 జూన్ దాకా ఇది ఐపీసీ 403), ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకూ జైలు, పైగా జరిమానా. సొంతదారును కనుక్కునే వీలుండి కూడా పట్టించుకోకపోయినా, వెతక్కుండా, కబురు పెట్టకుండా, వచ్చి అడగడానికి తగినంత టైము ఇవ్వకుండా వాడేసుకున్నా ఈ సెక్షనే. కాబట్టి ఎన్నాళ్లు దాచారన్నది ఒక్కటే కాదు, ఆ రోజుల్లో ఏం చేశారో కూడా చూస్తారు. నెలపాటు బీరువాలో పడేసి ఎవరికీ ఒక్క ఫోనూ చేయకపోతే ఆ నెలకు విలువేమీ లేదు.

మీకు వెతకడం పెద్ద కష్టం కూడా కాదు. మండపం బుక్ చేసినవాళ్ల నంబరు మీ రిజిస్టర్లోనే ఉంటుంది. సాధారణంగా అది ఆడపెళ్లివారిది, వస్తువేమో మగపెళ్లివారి తరఫు చుట్టానిది అయి ఉండొచ్చు, అందుకని రెండువైపులకూ కబురు వెళ్లేలా చూడండి. బుట్టకమ్మ ఫొటో మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి! ‘ఒక చెవికమ్మ దొరికింది, మీవాళ్లదైతే ఎలా ఉంటుందో చెప్పండి’ అంటే చాలు. ఫొటో పెడితే నాదంటే నాదని నలుగురు వస్తారు, తేల్చలేక మీకే టెన్షన్. చదివింపుల కవర్లు దొరికినా ఇంతే, పైన రాసిన పేరు, లోపలి మొత్తం మీరు ముందుగా బయటపెట్టకూడదు.

నన్నడిగితే గడువు వస్తువును బట్టి ఉండాలి. స్వీట్లు, పూలు, పళ్లు ఆ రోజుతో సరి, కుళ్లేదాకా దాచమని ఎవరూ అనరు. బట్టలు, టిఫిన్ క్యారియర్లు, గొడుగులు, చెప్పులకు మూడు నెలలు పెట్టండి. తిరుపతిలో పెళ్లికి సగం మంది చెన్నై నుంచో బెంగళూరు నుంచో వస్తారు, మళ్లీ దర్శనానికి వచ్చినప్పుడు తీసుకుందాంలే అనుకుంటారు, వాళ్లకు నెల చాలదు. కళ్లజోడు, వినికిడి మిషన్ లాంటివి ఆర్నెల్లున్నా అవి ఆక్రమించే చోటు ఎంత? బంగారం, వెండి, నగదు మాత్రం మీ దగ్గర నానబెట్టకండి. రెండువైపుల వాళ్లూ మాది కాదన్నాక వారంలోపు పోలీస్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువు ఎవరిదో తెలియకపోతే మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి, హక్కు ఉన్నవాళ్లు రావడానికి ఆరు నెలల గడువు ఇచ్చే పద్ధతి చట్టంలో ఉంది. ఆ తలనొప్పి మీకెందుకు?

అమ్మేయొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. అదే కాంట్రాక్టు చట్టం 169వ సెక్షన్ ఒప్పుకుంటుంది, కానీ సొంతదారు ఎంత వెతికినా దొరకకపోవాలి, లేదా దొరికినా మీకు న్యాయంగా రావాల్సిన ఖర్చు ఇవ్వనని మొండికేయాలి. దాంతోపాటు వస్తువు పాడైపోయేలానో విలువ చాలావరకు పోయేలానో ఉండాలి, లేదా దానికి మీరు పెట్టిన ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకు చేరాలి. బీరువాలో ఊరికే కూర్చున్న వెండి భరిణెకు ఇవేవీ వర్తించవు.

బోర్డు సంగతి. దొరికిన వస్తువును మీ మనిషి తీసి బీరువాలో పెట్టాడంటే దాని బాధ్యత మీదే, బోర్డు అడ్డం రాదు. పార్కింగుకు ఇచ్చిన కారు పోయిన కేసులో ఢిల్లీ హోటల్ ఒకటి ‘బాధ్యత మాది కాదు’ అని అచ్చేసిన చీటీ చూపించింది, మీ నిర్లక్ష్యానికి ఆ చీటీ రక్ష కాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి బదులు బుకింగ్ ఫారంలోనే ‘మర్చిపోయిన మామూలు వస్తువులు 90 రోజులు ఉంచుతాం, తర్వాత అనాథాశ్రమానికి ఇస్తాం’ అని రాసి సంతకం తీసుకోండి. ఆ సంతకం పెళ్లికొచ్చిన ప్రతి చుట్టాన్నీ కట్టిపడేయదు గానీ, ఏ విషయమూ చెప్పలేదన్న మాట రాదు.

రిజిస్టరు రాయండి. ఏ తేదీన, ఏ విడిది గదిలో, ఎవరికి దొరికింది, ఎవరికి ఫోన్ చేశారు, చివరికి ఎవరికిచ్చారు, సంతకం. వస్తువు వెళ్లిపోయాక కూడా ఆ పుస్తకం పారేయకండి. పోయిన వస్తువు ఎవరి దగ్గరుందో తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయొచ్చని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతోంది. బీరువా దులపడానికి ఆషాఢమే మంచి టైము, ముహూర్తాలుండవు, పనివాళ్లూ ఖాళీ.

ప్రశ్న: చిత్తూరులో లాడ్జి రిసెప్షన్లో పనిచేస్తాను. గది ఖాళీ చేసినవాళ్లు ఫోన్ మర్చిపోయారు, లాక్ ఉంది. స్విచాఫ్ చేసి దాచాలా?

జవాబు: వద్దు, చార్జింగ్ పెట్టి ఆన్‌లోనే ఉంచండి. ఎవరో ఒకరు చేస్తారు, ఎత్తి లాడ్జి పేరు చెప్పండి. అయినా దిగేటప్పుడు ఆధార్ జిరాక్స్, ఇంకో నంబరు తీసుకునే ఉంటారు కదా, సొంతదారు దొరకలేదని లాడ్జివాళ్లు అంటే ఎవరూ నమ్మరు. రెండు మూడు రోజులకూ ఉలుకూపలుకూ లేకపోతే స్టేషన్లో ఇచ్చేయండి. ముఖ్యంగా స్టాఫ్‌లో ఎవర్నీ అందులో సిమ్ వేయనివ్వకండి. పోగొట్టుకున్నవాళ్లు పోయిన ఫోన్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) బ్లాక్ చేయించి ఉంటే, కొత్త సిమ్ పడగానే పోలీసులకు జాడ తెలిసిపోతుంది, అప్పుడు దొంగతనం మీమీదికే వస్తుంది.

ప్రశ్న: నా బ్యాగు హోటల్లో ఉందని ఫోన్ చేసి చెప్పారు, కానీ వెయ్యి రూపాయలిస్తేనే ఇస్తామంటున్నారు. ఇవ్వాలా?

జవాబు: దాచడానికి, మిమ్మల్ని వెతకడానికి నిజంగా అయిన ఖర్చు అడగొచ్చు, అది ఇచ్చేదాకా బ్యాగు పట్టి ఉంచే హక్కు కూడా కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ ఇస్తుంది. బహుమతి ఇస్తానని మీరు ముందే ప్రకటించి ఉంటే అదీ ఇవ్వాల్సిందే. ఈ రెండూ కాకుండా ఊరికే వెయ్యి అంటే కుదరదు. దేనికెంత అయిందో వాట్సాప్‌లో రాసి పంపమనండి, కొరియర్ చార్జీ మీరే కట్టుకోండి.