కోటాలు ఎత్తేశారు కదా, మరి ఎక్కడ కుట్టారో ఎందుకు అడుగుతారు?

ప్రశ్న: అమెరికాలోకి కాటన్ ప్యాంట్లు ఇంపోర్ట్ చేసే చిన్న బిజినెస్ నాది. సప్లయర్ ఒక దేశంలో కటింగ్ చేయించి ఇంకో దేశంలో కుట్టిస్తానంటున్నాడు. పైగా లేబుల్ మూడో దేశం పేరుతో వేద్దాం, డ్యూటీ తగ్గుతుంది, పేపర్లన్నీ నేను చూసుకుంటా అంటున్నాడు. ఈ ఫీల్డ్‌లో పాతవాళ్లు కోటా, వీసా అని భయపెడుతున్నారు. అవి ఇంకా ఉన్నాయా? తేడా వస్తే ఎవరి మీద పడుతుంది?

జవాబు: చివరిదానికే ముందు చెప్తానండి, మీ మీదే పడుతుంది. సరుకు మీ పేరున ఎంట్రీ అవుతుంది కాబట్టి ఇంపోర్టర్ మీరే, సప్లయర్ "నేను చూసుకుంటా" అన్న మాట కస్టమ్స్ దగ్గర చెల్లదు.

ఇక పాతవాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు, కాలం చెల్లింది అంతే. 1974 నుంచి బట్టల వ్యాపారానికి మల్టీ ఫైబర్ అరేంజ్‌మెంట్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉండేది, దాని కింద అమెరికా ఒక్కో దేశంతో విడిగా ఒప్పందం చేసుకుని కేటగిరీల వారీగా ఏడాదికి ఇంతే రావాలని పరిమితి పెట్టేది, అదే కోటా. మీ కాటన్ ప్యాంట్లు 347, 348 కేటగిరీలు. వీసా అంటే ఎగుమతి చేసే దేశం ప్రభుత్వం ఇన్‌వాయిస్ మీద వేసే ముద్ర, అది లేకపోతే సరుకు పోర్టు దాటదు. 1995లో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) వచ్చాక ఈ కోటాలను పదేళ్లలో విడతలవారీగా తీసేయాలని ఒప్పుకున్నారు, కానీ దాదాపు సగం చివరి రోజుకే ఉంచుకున్నారు, అందుకే 2005 జనవరి 1న ఒక్కసారిగా గేట్లు ఎత్తినట్టయింది. దాంతో చైనా సరుకు మీద మళ్లీ పరిమితులు, అమెరికా 2005 నవంబర్‌లో చేసుకున్న ఒప్పందం 2008 ఆఖరు దాకా నడిచింది.

యూరప్‌లో అయితే ఇంకా ఘోరం. 2005 జూన్‌లో చైనాతో ఒప్పందం కుదిరింది, చూస్తుండగానే కోటాలు నిండిపోయాయి, ముందే ఆర్డరిచ్చినవాళ్ల స్వెటర్లు, ప్యాంట్లు పోర్టుల్లో ఇరుక్కుపోయాయి, సెప్టెంబర్‌లో రెండు పక్షాలూ మళ్లీ కూర్చుంటే గానీ బయటికి రాలేదు. అందుకే మీ కాంట్రాక్ట్‌లో ఒక క్లాజ్ పెట్టించండి, షిప్‌మెంట్ బయల్దేరాక కొత్త ఆంక్షలు గానీ డ్యూటీ గానీ వస్తే ఖర్చు ఎవరిదో ముందే తేలిపోవాలి.

ఇప్పుడు మిగిలినవి ఎక్కువగా టారిఫ్ రేట్ కోటాల్లాంటివి. ఫ్రీ ట్రేడ్ ఒప్పందాల్లో కొంత పరిమాణం వరకు తక్కువ డ్యూటీ, అది నిండితే సరుకు ఆగదు, మామూలు డ్యూటీ కట్టాలి. పాత కోటా అలా కాదు, నిండితే లోపలికి రానిచ్చేదే లేదు. ఈ తేడా చాలామందికి తెలీదు.

ఇక అసలు విషయం, కోటా పోయినా ఒరిజిన్ రూల్, అంటే సరుకు ఏ దేశానిదో తేల్చే నియమం, పోలేదు, డ్యూటీ ఎంతన్నది చాలావరకు దాని మీద ఆధారపడి ఉంటుంది. 1996 జూలై నుంచి అమెరికాలో ప్యాంటు లాంటివాటికి మామూలుగా కటింగ్ చేసిన దేశం కాదు, పూర్తిగా కుట్టిన దేశమే ఒరిజిన్. కాబట్టి కటింగ్ ఒకచోట, కుట్టు ఇంకోచోట అనేదాంట్లో తప్పేం లేదు, కుట్టిన దేశం పేరు వేస్తే చాలు. దుప్పట్లకి లెక్క వేరు, అక్కడ బట్ట నేసిన దేశం చూస్తారు. మూడో దేశంలో లేబుల్ మార్చి ప్యాకింగ్ చేస్తే మాత్రం ఒరిజిన్ మారదు, దాన్ని అక్రమ ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు, నా దృష్టిలో అది మోసమే, మర్యాదగా చెప్పినంత మాత్రాన పేరు మారదు.

1930 టారిఫ్ యాక్ట్ సెక్షన్ 592 కింద మోసం అని తేలితే పెనాల్టీ ఆ సరుకు దేశీయ మార్కెట్ విలువ మొత్తం దాకా పోవచ్చు. అజాగ్రత్త అయినా ఎగ్గొట్టిన డ్యూటీకి రెండింతల దాకా ఉంటుంది, నాకు తెలీదు అన్నది సమాధానం కాదు, జాగ్రత్త పడాల్సింది మీరే. అందుకే ఆర్డర్‌కి ముందే ఫ్యాక్టరీ పేరు, కటింగ్ టికెట్లు (ఏ లాట్‌లో ఎంత కట్ చేశారో రాసే చీటీలు), రోజువారీ కుట్టు రికార్డులు, బట్ట కొన్న బిల్లులు తెప్పించుకోండి, అయిదేళ్లు దాచండి. ఫ్యాక్టరీలో ఉన్న మెషీన్లకి, మీకొచ్చిన సరుకు లెక్కకి పొంతన లేకపోతే అక్కడే అనుమానించాలి.

ఒకవేళ ఇప్పటికే అలాంటి లాట్ ఏదైనా వచ్చేసి ఉంటే దాచిపెట్టొద్దండి. కస్టమ్స్ విచారణ మొదలైన సంగతి మీకు తెలియకముందే మీరే వెళ్లి చెప్పి, తక్కువ కట్టిన డ్యూటీ కట్టేస్తే అజాగ్రత్త కేసుల్లో పెనాల్టీ కేవలం వడ్డీతో సరిపోతుంది, మోసం అయినా సరే చాలా తగ్గుతుంది. కాగితాలన్నీ పట్టుకుని అక్కడి కస్టమ్స్ లాయర్‌ని ఈ వారమే కలవండి, సప్లయర్‌కి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పొద్దు.