తూటా గొట్టాలను తోమే ముందు తీగ పెట్టి చూడండి

పేల్చేసిన రైఫిల్ తూటాల ఇత్తడి గొట్టాలను మళ్లీ మందు, గుండు నింపడానికి ఇంట్లో ఎలా సిద్ధం చేసుకోవాలి, చింతపండుతో తోమవచ్చా అని అమెరికాలో ఉంటున్న ఒకరు అడిగారు. మాది తిరుపతిలో మూడు తరాలుగా ఇత్తడి పని చేసిన కంచరి కుటుంబం. నేను తుపాకీ పట్టినవాడిని కాను, కానీ టెక్సాస్‌లో మా అల్లుడి గ్యారేజీలో మూడు నెలలు ఈ పని దగ్గరే కూర్చున్నాను. మన దేశంలో ఉన్నవారు మాత్రం దీన్ని తలపెట్టవద్దు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

"మామయ్యా, నిన్ననే తోమాను, బంగారంలా ఉన్నాయి చూడండి" అంటూ అల్లుడు ఒక రకం రైఫిల్ తూటాలైన 308 విన్‌చెస్టర్ గొట్టాలు ఇరవై నా ముందు పోశాడు. ఒకదానికి అడుగుకు కాస్త పైన వెంట్రుకంత సన్నని తెల్లని గీత చుట్టూ తిరిగి ఉంది. గొట్టాన్ని తిరిగి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులో, అంటే డైలో, నొక్కినప్పుడు కూడా అలాంటి గీత పడుతుంది కాబట్టి పైకి చూసి ఏమీ తేల్చలేము. సన్నని తీగ కొనను కొక్కెంలా వంచి, లోపలికి దించి, గోడను గీరుతూ పైకి లాగితే సరిగ్గా ఆ గీత దగ్గరే తట్టుకుంది. రంపంతో నిలువుగా కోయించి చూస్తే, లోపల గోడ గాడిలా అరిగిపోయి కాగితమంత మిగిలింది. పేలిన ప్రతిసారీ ఇత్తడి అక్కడే సాగుతుంది. ఇంకొక్కసారి పేల్చి ఉంటే అది రైఫిల్ లోపలే రెండు ముక్కలయ్యేది. ఆ ఇరవైలో నాలుగు అలాంటివే. మెరుపు చూసి ఇత్తడిని నమ్మే అలవాటు మన ఇళ్లలోనూ ఉంది, బిందె కొనేవారు మెరుపు చూస్తారే గాని అడుగు తట్టి చూడరు.

ఇక చింతపండు సంగతి. ఈ గొట్టాల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. పులుపులో ఎక్కువసేపు నానితే జింకు కరిగి పైన గులాబీ రంగు తేలుతుంది. మొక్కజొన్న బెండ్ల రవ్వ వేసి, గొట్టాలను శుభ్రం చేసే యంత్రమైన టంబ్లర్‌లో తిప్పడమే మేలు. అమోనియా కలిసిన పాలిష్ మాత్రం వద్దే వద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన తూటా గొట్టాలు పగిలిపోయేవి, దానికి కారణం ఆ గాలిలోని అమోనియానే. ఈ సంగతి చెప్పకుండా పాలిష్ సీసాలు అమ్మే దుకాణదారుల మీద నాకు చాలా కోపం.

డైలో పెట్టే ముందు నూనె రాయకపోతే గొట్టం ఇరుక్కుంటుంది. నొక్కిన తరువాత ఈ 308 గొట్టం పొడవు 2.015 అంగుళాలు దాటితే కత్తిరించాలి. నాలుగైదుసార్లు పేలాక మెడ, అంటే గుండు కూర్చునే మూతి, గట్టిపడి చీలుతుంది, సుత్తిదెబ్బలకు బిగుసుకున్న రేకును మా నాన్నగారు మంటలో కాచి మెత్తబరచినట్టే దాన్నీ కాచుకోవాలి, కానీ ఎర్రబడేదాకా కాదు, అడుగు భాగానికి వేడి అసలు తగలకూడదు.

పాత ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) మసిలో సీసం ఉంటుంది కనుక, కడగడానికి వంటింటి గిన్నెలు వాడకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే పిల్లలను ఎత్తుకోకండి.