24 వేలు పెట్టి ఎస్‌ఎస్‌డీ కొంటారా?

ప్రశ్న: నమస్తే అండి. మాది తణుకు. పన్నెండేళ్లుగా ఇంట్లోనే డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు, ఏడాదికోసారి గుడి కమిటీ వాళ్ల జమాఖర్చుల పుస్తకం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసి, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రెస్సుకి పంపిస్తాను. నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఐ3-6006యూ, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు ఆన్ చేసి వెళ్లి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా ఆ చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ అన్నచోట ఎప్పుడు చూసినా 100 శాతమే. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్ తీస్తే ఆగిపోతుంది. రెండు నెలలుగా టచ్‌ప్యాడ్ నొక్కుకోవడం లేదు, మౌస్‌తో సరిపెట్టుకుంటున్నాను. కుడివైపు మూత కీలు విరిగింది. టేబుల్ మీంచి కదపను కాబట్టి గోడకి ఆనించి వాడుతున్నాను. విండోస్ 10 పని అయిపోయిందని తెర మీద మెసేజీ వస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న మా మరిది కొడుకు కంపెనీల నుంచి తిరిగొచ్చిన ల్యాప్‌టాప్‌లు అమ్మే షాపులో ఒకటి చూశాడు. ఐ5, 8 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, 24 వేలు, నెల రోజులు గ్యారంటీ. ప్రాసెసర్ ఐ5-7200యూ అని రాసి పంపాడు. విండోస్ 11 వేసే ఇస్తారట. మావారేమో, "ఒకళ్లు వదిలించుకున్న తద్దినం మనం తెచ్చిపెట్టుకోవడం ఎందుకు" అంటున్నారు. ఇక్కడి షాపతను నా పాతదానికే ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ వేస్తే 5,800 అవుతుందన్నాడు. పాతదాని మీద డబ్బు పోయడం దండగేమో అనిపిస్తోంది. శ్రావణం కార్డులు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ టచ్‌ప్యాడ్ సంగతి. మాటల మధ్యలో అలా చెప్పేసి ముందుకెళ్లిపోయారు గానీ, నేను చదువుతూ ఆగిపోయింది అక్కడే. చచ్చిన బ్యాటరీ, రోజంతా ప్లగ్‌లో ఉండే మెషీన్, ఉన్నట్టుండి నొక్కుకోని టచ్‌ప్యాడ్. ఈ మూడూ ఒక్కచోట కలిశాయంటే, పదిసార్లలో ఎనిమిదిసార్లు లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని కిందనుంచి పైకి నెడుతున్నట్టు. ల్యాప్‌టాప్ మూసి, బల్ల మీద పెట్టి, కంటికి సమానంగా వంగి చూడండి. అడుగుభాగం గానీ, చేతులు ఆనించే చోటు గానీ పొంగినట్టు కనిపిస్తే ఇక ప్లగ్ పెట్టకండి. మీ షాపతన్ని పిలిచి బ్యాటరీ తీయించేయండి. గుచ్చడం, వంచడం, చెత్తబుట్టలో పడేయడం వద్దు, మంట అంటుకుంటుంది. పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకి అతన్నే అప్పజెప్పమనండి. బ్యాటరీ లేకపోయినా ఆ కాలపు మెషీన్లు చాలావరకు అడాప్టర్ మీద నడుస్తాయి. మీకెలాగూ టేబుల్ మీంచి కదలదు కదా.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందో లేదో రాయలేదు. ఉంటే దాని మీద యూపీఎస్ అని ఒక స్విచ్ చాలావాటికి ఉంటుంది, చూడండి. ఆ వైపు ఉంటే కరెంటు పోయినా మెషీన్ ఆగకుండా అందుకుంటుంది. చాలా ఇళ్లలో మామూలు మోడ్‌లోనే ఉంచేసి, కరెంటు పోయినప్పుడల్లా ఫైలు పోయిందని ఏడుస్తుంటారు.

ఇప్పుడు అసలు విషయం. నేను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో 22 ఏళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చి "ఇది పోయిందండీ, వేరేది చూపించండి" అన్నవాళ్లలో సగంమందికి నేను వేరేది చూపించలేదు. డిస్క్ మార్చి పంపించేశాను. మీ డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుందంటే జబ్బు పేరు మీరే చెప్పారు. మీ హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద చిన్న ముల్లు అటూ ఇటూ పరుగెత్తుతుంది. 4 జీబీ ర్యామ్ విండోస్ 10కే సరిపోదు. చాలనప్పుడల్లా అది సామాను తీసుకెళ్లి డిస్క్ మీద పెట్టి, మళ్లీ తెచ్చుకుంటుంది. పాపం ఆ ముల్లుకి ఊపిరాడదు. ఎస్‌ఎస్‌డీ అంటే ఆ తిరిగే పళ్లెం, ముల్లు లేని డిస్క్, అందుకే దానికంత వేగం. మీది ముల్లుది కాబట్టే కాఫీ అయిపోతోంది గానీ ఆ చుక్కలు ఆగడం లేదు.

ఇక మీ మరిది కొడుకు చూసిన మెషీన్. హైఫన్ తర్వాత మొదటి అంకె చూడండి: 7200లో 7. అంటే ఏడో తరం. మీది 6006, ఆరో తరం. రెండింటికీ రెండేసి కోర్లే. ఐ5 కాస్త వేగంగా పరుగెత్తుతుంది, కాదనను. కానీ శుభలేఖ కంపోజ్ చేసేటప్పుడు ఆ తేడా మీకు తెలీదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అప్పటి మెషీన్ల మీద నడిచిన సాఫ్ట్‌వేర్‌కి మీ ఐ3యే ఏనుగు. కొత్తది తెచ్చాక "అబ్బ, ఎంత వేగం" అని మీకు అనిపిస్తే, ఆ వేగం అందులో ఉన్న ఎస్‌ఎస్‌డీది, ఎక్కువ ర్యామ్‌ది. అదే మీ ఊళ్లో 5,800కి వస్తోంది. మిగతా 18,200 ఒక స్టిక్కరుకి, ఒక మంచి మూత కీలుకి ఇస్తున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీరు వేరేది కొనాలనుకోవడానికి అదొక కారణం. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమం ప్రకారం ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. ఏడో తరం 7200యూ ఆ జాబితాలో లేదు. మరి షాపువాళ్లు 11 వేసి ఎలా ఇస్తారంటే, తనిఖీని తప్పించే అడ్డదారి ఉంది, పది నిమిషాల పని. నేనూ వేశాను, నడుస్తుంది కూడా. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు, మళ్లీ ఎవరో ఒకరు కూర్చుని అడ్డదారిలోనే ఎక్కించాలి. 24 వేలు పోసి మీరు వచ్చి నిలబడేది ఇప్పుడున్న చోటే. అబ్బాయి మంచి మనసుతోనే చూశాడు, అతన్నేమీ అనకండి. ఐ5 అన్న మాట అందరినీ అలాగే పడేస్తుంది.

కాబట్టి నా మాట: ఈ శ్రావణానికి పాతదానితోనే వెళ్లండి. ఎస్‌ఎస్‌డీ వేయించండి, 256 కాకుండా 480 గానీ 500 గానీ తీసుకోండి. విండోస్ కొత్తగా ఎక్కిస్తాననే షాపతన్ని ఆపి, "ఉన్నది ఉన్నట్టు క్లోన్ చెయ్యి బాబూ" అనండి. కొత్తగా ఎక్కిస్తే మీ అను ఫాంట్లు, కీబోర్డు అమరిక, పేజ్‌మేకర్, పన్నెండేళ్లుగా పోగేసుకున్న గణపతి బొమ్మలు, బోర్డర్లు అన్నీ మళ్లీ సర్దుకోవాలి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలు యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు, ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. క్లోన్ అయ్యాక పాత హార్డ్ డిస్క్ వాళ్లకి వదిలేయకండి. బీరువాలో దాచుకోండి, ఏ లైసెన్స్ పేచీ వచ్చినా అది అక్కరకొస్తుంది. ర్యామ్ కొనేముందు మీ మెషీన్‌ది డీడీఆర్3నా, డీడీఆర్4నా అని విప్పి చూడమనండి. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి అతను చెప్పిన 5,800 రేపటికి మారితే మోసమనుకోకండి.

అప్‌డేట్ల విషయం. ఇంట్లో వాడుకునేవాళ్లకి విండోస్ 10 భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా పొడిగించారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవాలి. ఆ తర్వాత కూడా మీ డీటీపీ పనికి నెట్ అక్కర్లేదు. మ్యాటర్ ఫోన్‌కి వస్తుంది, ప్రూఫ్ ఫోన్‌లోంచే వెళ్తుంది. బ్యాంకు పనులు మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో చేయకండి. ప్రెస్సు నుంచి తిరిగొచ్చే పెన్‌డ్రైవ్‌ని పెట్టగానే స్కాన్ చేయండి. నా అనుభవంలో ప్రెస్సు పెన్‌డ్రైవ్‌లో ఉన్నన్ని వైరస్‌లు నెట్‌లో కూడా లేవు. ఎవరైనా లైనక్స్ వేసుకోమంటే, నాకు ఇష్టమైనదే గానీ మీకు చెప్పను. పేజ్‌మేకర్ దానికి లేదు.

శ్రావణం దాటి భాద్రపదం వచ్చినప్పుడు, అంటే పెళ్లిళ్లు లేక మీ చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, తీరిగ్గా వాడినది కొనుక్కోండి. సీజన్ మధ్యలో మెషీన్ మార్చిన డీటీపీవాళ్లని చూశాను, వధువు పేరులో ఒత్తులు ఎగిరిపోయిన కార్డులూ చూశాను. మీవారికి చెప్పండి, కంపెనీ నుంచి వచ్చిన మెషీన్ తద్దినం కాదు. మూడు నాలుగేళ్లయ్యాక కంపెనీలు బాగున్నవాటినీ గంపగుత్తగా మార్చేస్తాయి. ఎనిమిదో తరంలో 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటివి మీకు సరిపోతాయి. నాలుగు కోర్లు, ర్యామ్‌కి రెండేసి స్లాట్లు, గట్టి కీలు. 25 వేలకి దొరికే కొత్త ప్లాస్టిక్ మెషీన్ కంటే వీటి కీబోర్డు మీద మీ వేళ్లు సుఖపడతాయి. ఒక్కటి మాత్రం అడిగి తీరాలి: తెర 1920 బై 1080 ఉందా అని. ఇలాంటి మోడళ్లలో కొన్నింటికి 1366 బై 768 తెరలున్నవీ వచ్చాయి, అవే షాపుల్లో ముందు వరసలో ఉంటాయి. వాటిలో ఒక పేజీ మొత్తం కనపడేలా పెడితే అక్షరాలు చీమల్లా ఉంటాయి.

కొనేటప్పుడు అబ్బాయిని ఒక గంట ఖాళీ చేసుకుని వెళ్లమనండి. స్టిక్కర్ నమ్మొద్దు, అది ఎవరైనా అతికిస్తారు. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి ప్రాసెసర్ పేరు చదవాలి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కి చూడాలి. ప్లగ్ తీసి 20 నిమిషాలు వీడియో పెట్టాలి. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే ఆజ్ఞ ఒకటుంది, అబ్బాయికి తెలిసే ఉంటుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ చార్జ్ 30,000 ఉంటే 60 శాతం మిగిలిందని లెక్క. మీకది చాలు, కానీ ఆ మేరకు ధర తగ్గించమనాలి.

ఇంకో పరీక్ష ఉంది, అది నేను దెబ్బతిని నేర్చుకున్నది. మా చెల్లెలి కొడుక్కని ఒక డీలరు దగ్గర ఒకటి తెచ్చాను. నా అంతటివాణ్ని నేను, బల్ల మీదే అన్నీ చూశాను, అద్దంలా ఉంది. ఇంటికెళ్లి రీసెట్ చేసి వైఫై కలిపాడో లేదో, ఎవరో పరాయి దేశపు కంపెనీ పేరుతో "మీ ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవండి" అని తెర వచ్చింది. ఆ కంపెనీ తమ ఖాతాలోంచి దాన్ని వదల్లేదు. నెట్ కలపకుండా ఉన్నంతసేపూ ఆ తెర బయటపడదు. నేను షాపులో నెట్ కలపనే లేదు. వెనక్కి తీసుకోవడానికి డీలరు నెలన్నర తిప్పించాడు. కాబట్టి షాపులోనే రీసెట్ కొట్టించి, మన ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, సొంత ఖాతా అడిగేదాకా వెళ్లాలి. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ తెరలోకి వెళ్లినప్పుడు పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ అక్కడే వదిలేయాలి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవాలి.

ప్రశ్న: వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. తెలిసినవాళ్లు 2017 మ్యాక్‌బుక్ ఎయిర్ 18 వేలకి ఇస్తామంటున్నారు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. తీసుకోనా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ మోడల్ 2021లో వచ్చిన మాంటెరే అనే మ్యాక్ వెర్షన్ దగ్గర ఆగిపోయింది, ఆపిల్ ఆ తర్వాతి వెర్షన్లు దానికి ఇవ్వలేదు. ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచలేవు. మ్యాక్ మీదే మనసుంటే డబ్బు కూడబెట్టి 2020 ఎం1 ఎయిర్ చూడు. అమ్మేవాడు నీ కళ్లముందే తన ఐక్లౌడ్‌లోంచి బయటికి వచ్చి, మొత్తం చెరిపి ఇవ్వాలి. లేకపోతే యాక్టివేషన్ లాక్ పడి చేతిలో అందమైన పలక మిగులుతుంది.

ప్రశ్న: ఖమ్మం నుంచి రాస్తున్నాను, రిటైర్డ్ ఉద్యోగిని. నా పాత ల్యాప్‌టాప్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇస్తే 1,500 తగ్గిస్తామంటున్నారు. అందులో ఆధార్ కాపీలు, పెన్షన్ కాగితాలు, మనవల ఫొటోలు ఉన్నాయి. డిలీట్ చేసి ఇచ్చేస్తే చాలా?

జవాబు: చాలదండి. డిలీట్ చేసినవి మళ్లీ బయటికి తీసే సాఫ్ట్‌వేర్లు ఊరికే దొరుకుతాయి. అడుగున మరలు విప్పి హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గర ఉంచుకోండి. దానికి తొడిగే చిన్న డబ్బా ఒకటి షాపుల్లో దొరుకుతుంది, అది వేస్తే కొత్త ల్యాప్‌టాప్‌కి బయటి డిస్క్‌లా వాడుకోవచ్చు. డిస్క్ లేకుండా ఎంతిస్తారో అడగండి. 1,000 అన్నా ఇచ్చేయండి.