మైక్రోవేవ్ పాప్‌కార్న్ రోజూ తింటే ప్రమాదమా? పిల్లలకు ఇంట్లో ఎలా చేసి పెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. మైక్రోవేవ్ పాప్‌కార్న్ తింటే క్యాన్సర్ వస్తుందన్న మాట నిజమేనా అని ఒకటి, పిల్లలు అదే కావాలని మారాం చేస్తుంటే బదులుగా ఏం పెట్టాలి అని రెండోది. నేను డాక్టర్ని కాదు. అమెరికాలో ఉన్న నాలుగేళ్ళూ దాదాపు రోజుకో సంచి లాగించినవాణ్ణి, ఆ అర్హతతో చెప్తున్నా.

తప్పు గింజది కాదు, మైక్రోవేవ్‌ది కూడా కాదు. చూసుకోవాల్సింది ఆ కాగితం సంచిని, వెన్న వాసన కోసం కలిపే ఫ్లేవర్‌ని.

అప్పట్లో నాకు రాత్రి తొమ్మిదింటికి ఇండియా కాల్స్ ఉండేవి. వంట చేసుకునే ఓపిక లేక, సంచి లోపల పెట్టి బటన్ నొక్కితే అదే డిన్నర్. ఒక జనవరి రాత్రి ఆఫీసులో సంచి పెట్టి కాల్‌లో పడి మర్చిపోయాను. మాడిన పొగకి ఫైర్ అలారం మోగి బిల్డింగ్ మొత్తం ఖాళీ. మంచులో చెప్పులతో నిలబడి, ఫైరింజన్ వాళ్ళకి "పాప్‌కార్న్ సార్" అని చెప్పుకున్నాను. అయినా మానలేదు.

మానింది మా అమ్మ వచ్చాక. మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను తినేసి పడేసిన సంచిని అమ్మ విప్పి, తిరగేసి, వేళ్ళతో రుద్ది చూసింది. "గిదేంది బిడ్డా? మిర్చీలు కట్టిచ్చే కాయితమైతే చేతికి నూనె అంటుతది. గింత నూనె పోసి ఉడికించినా దీనికి ఒక్క చుక్క బయటికి రాలే?"

నాలుగేళ్ళలో నాకు రాని అనుమానం అది. సమాధానం వెతికితే దొరికిన పేరు పీఫాస్. నూనెనీ నీళ్ళనీ అంటనివ్వని ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం ఇది. పాప్‌కార్న్ సంచులకి చాలా ఏళ్ళు ఈ పూతే వాడారు. దానికి తోడు సంచి అడుగున ఒక బూడిదరంగు పట్టీ ఉంటుంది, చూసే ఉంటారు. సన్నటి అల్యూమినియం పూసిన ఫిల్మ్ అది, మైక్రోవేవ్‌లో చిన్న పెనంలా కాగుతుంది. అంటే పూత ఉన్న కాగితం, వేడి నూనె ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. కాగితంలోది కొంత తిండిలోకి దిగుతుంది. ఈ రసాయనాలు శరీరంలోంచి తొందరగా పోవు, కొన్నిటికి ఏళ్ళు పడుతుంది. అమెరికాలో వేలమంది ఆరోగ్య సర్వే వివరాలతో 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఎక్కువ తినేవాళ్ళ రక్తంలో ఇవి ఎక్కువగా కనిపించాయి.

మరి క్యాన్సర్ సంగతి? ఈ కుటుంబంలోని పీఎఫ్ఓఏ అనే రసాయనం మనుషుల్లో క్యాన్సర్ కారకం అని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023లో తేల్చింది. దానర్థం నెలకో సంచి తిన్నవాళ్ళకి క్యాన్సర్ వస్తుందని కాదు, వాట్సాప్‌లో తిరిగేది మాత్రం అలాగే ఉంటుంది. డెన్మార్క్ 2020లో తిండికి వాడే కాగితంలో పీఫాస్‌ని నిషేధించింది. అమెరికాలో ఈ పూతల అమ్మకం ఆగిపోయిందని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మన దగ్గర కొన్నప్పుడు లేబుల్ మీద లోపల తినేవాటి పేర్లే ఉంటాయి, సంచి దేంతో చేశారో సాధారణంగా రాయరు. రోజూ కొనడానికి నేను వెనకాడేది అందుకే.

అన్నట్టు, అమ్మ మెచ్చుకున్న మిర్చీల న్యూస్‌పేపరూ మంచిదేం కాదు. అచ్చు సిరా తిండికి అంటుతుంది, అందులో సీసం కూడా ఉండొచ్చు. వాడొద్దని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్తూనే ఉంది. అమ్మకి ఆ మాట చెప్తే నచ్చలేదు.

ఇక వెన్న వాసన. డయాసిటైల్ అనే పదార్థంతో వచ్చే వాసన అది. 2000లో మిస్సోరి రాష్ట్రంలోని ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు మూసుకుపోయే జబ్బు బయటపడింది. దానికి 'పాప్‌కార్న్ లంగ్' అన్న పేరే స్థిరపడింది. వాళ్ళు కాగే నూనెలో ఫ్లేవర్ కలిపే తొట్ల దగ్గర గంటలకొద్దీ ఆ ఆవిరి పీల్చినవాళ్ళు. మనలాగా తినేవాళ్ళకీ వస్తుందా అంటే, కొలరాడోలో ఒకాయన పదేళ్ళపాటు రోజుకి రెండు సంచులు చేసుకుని, విప్పగానే ఆవిరి పీల్చేవాడట. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని కేసు వేస్తే 2012లో జ్యూరీ ఆయనకి సుమారు 72 లక్షల డాలర్లు ఇప్పించింది. అది చదివాక నాకు చెమటలు పట్టాయి. సంచి చింపగానే మొహం పెట్టి "ఆహా" అనుకోవడం నా అలవాటు కూడా. డయాసిటైల్ వెన్నలో సహజంగానే కొంచెం ఉంటుంది, తింటే ఏమీ కాదు, గొడవంతా వేడి ఆవిరిని పీల్చడంతోనే. పెద్ద కంపెనీలు 2007 నుంచి దాన్ని తీసేశాయి. కానీ బదులుగా వచ్చిన పెంటేన్‌డయోన్ కూడా ఎలుకల ఊపిరితిత్తులని దెబ్బతీస్తున్నట్టు తేలింది. ఎప్పుడైనా తినాలనిపిస్తే సంచిని మొహానికి దూరంగా విప్పి, రెండు నిమిషాలు ఆగి తినండి.

పామాయిల్, ఉప్పు గురించి వేరే చెప్పక్కర్లేదు, లేబుల్ చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో చేసేది. మా అమ్మకి ఇది కొత్త కాదు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు వేయించి, బెల్లం కలిపి పేలాల పిండి చేయడం మా వైపు ఎప్పటినుంచో ఉంది. జొన్నల మీద కాసిని నీళ్ళు చిలకరించి, ఆరనిచ్చి, బాగా కాగిన మూకుట్లో గుప్పెడు గుప్పెడుగా వేసి గుడ్డతో అదుముతుంది. కిటుకు ఆ తడిలో ఉంది. గింజ లోపలి నీరు ఆవిరై, సుమారు 180 డిగ్రీల దగ్గర తోలు పగులుతుంది. మొక్కజొన్నా అంతే, గింజలో 14 శాతం దాకా తేమ ఉండాలి. మామూలు ఎండు మొక్కజొన్న సరిగ్గా పేలదు, కిరాణాలో పాప్‌కార్న్ గింజలనే అడగండి.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె, చిటికెడు పసుపు, మూడంటే మూడు గింజలు వేసి మూత పెట్టండి. ఆ మూడూ పేలాక అర కప్పు గింజలు పోసి, గిన్నె దించి ముప్పై సెకన్లు ఆగండి. అన్ని గింజలూ ఒకేలా వేడెక్కడానికి ఇది. మళ్ళీ మధ్యస్థం మంట మీద పెట్టి, ఆవిరి పోయేలా మూత కొంచెం ఓరగా ఉంచి కుదుపుతూ ఉండండి. ఆవిరి పోకపోతే మెత్తగా, రబ్బరులా అవుతాయి. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య రెండు సెకన్లు పడుతుంటే దించేయండి. కుక్కర్‌లో చేస్తే గాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మూత ఊరికే పైన పెట్టాలి. నాన్‌స్టిక్ వద్దు, ఇంత వేడికి అది నప్పదు. ఉప్పుని మిక్సీలో పొడి చేసి చల్లితేనే అంటుకుంటుంది. కొంచెం నెయ్యి, మిరియాల పొడి, లేదా మా ఇంట్లోలా కరివేపాకు కారం.

మైక్రోవేవే కావాలంటే గాజు గిన్నెలో పావు కప్పు గింజలు, చెంచా నూనె వేసి, పింగాణీ ప్లేటు మూసి మూడు నిమిషాలు. ప్లేటు భగభగా కాగుతుంది, చెయ్యి జాగ్రత్త. కిరాణా కొట్టు ఖాకీ కాగితం కవర్లో మాత్రం చేయకండి, అంటుకోవచ్చు.

మీ చిన్నపాపకి మూడేళ్ళే అన్నారు. నాలుగేళ్ళు నిండేదాకా ఇంట్లో చేసింది కూడా పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది.

గింజలు పాతబడి సగం పేలకపోతే పారేయకండి. సీసాకి ముప్పావు వంతు పోసి, ఒక పెద్ద చెంచాడు నీళ్ళు వేసి, పీల్చుకునేదాకా మధ్యమధ్యలో ఊపి, మూడు నాలుగు రోజులు అలా ఉంచండి. మా ఇంట్లో సీసా ఊపే డ్యూటీ మా వాడిది. మర్చిపోకుండా చేసేది ఆ ఒక్క పనే.