గాజు బౌల్‌లో గోల్డ్‌ఫిష్: ముచ్చటా, హింసా?

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు గుండ్రటి గాజు బౌల్, అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు బహుమతిగా వచ్చాయి. టీవీ పక్కన పెట్టాం. మా మరిది చూసి ‘వదినా, ఇది చేపలకు జైలు’ అంటున్నాడు. నిజంగా అంత తప్పా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మరిది చెప్పిందే నిజం. కాకపోతే తప్పు గుండ్రటి ఆకారానిది కాదు. ఇటలీలోని మోంజా పట్టణం 2004లో గుండ్రటి బౌల్‌లను నిషేధించినప్పుడు, వంపు గాజులోంచి చేపకు లోకం వంకరగా కనబడుతుందన్నారు. మరుసటి ఏడాది రోమ్ కూడా నిషేధించింది. వంకర లోకం సంగతి చేపే చెప్పాలి గానీ, దాన్ని చంపేది మాత్రం నీళ్లు చాలకపోవడమే.

గోల్డ్‌ఫిష్ మన బొచ్చె, శీలావతి చేపల కుటుంబానికి చెందినదే. దుకాణంలో అంగుళన్నర ఉన్న పిల్ల సరిగ్గా పెరిగితే, తోక జంటగా ఉండే ఫ్యాన్సీ రకాలైతే 6–8 అంగుళాలు, తోక ఒంటిగా ఉండే మామూలు రకాలైతే అడుగు దాకా వస్తాయి. పది, పదిహేనేళ్లు బతకడం మామూలే. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికింది. ‘బౌల్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది’ అని దుకాణంలో చెప్పే మాట నమ్మకండి. అది సర్దుకుపోవడం కాదు, మురికినీళ్లలో ఎదుగుదల ఆగిపోవడం.

ఇక లెక్క చూడండి. 10 అంగుళాల బౌల్‌ను సగం దాకా నింపితే పట్టేది 4 లీటర్ల పైచిలుకు. నీళ్లు ఎక్కువుంటే మేలని 6 అంగుళాల మెడ దాకా నింపితే, గాలి తగిలే పైభాగం మూడో వంతుకు కుంచించుకుపోతుంది. నీళ్లలోకి ఆక్సిజన్ ప్రధానంగా దిగేది అక్కడి నుంచే. పైగా ఎండాకాలంలో గదిలోనే నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టే నీరు, 30 దగ్గర ఏడున్నరే పట్టుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆకలి కాదు, ఊపిరాడక.

ఈ రోజే చేయాల్సింది: ముందు తాత్కాలికంగా 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు కొనండి, సబ్బు తగలనిది. క్లోరిన్ తీసిన నీళ్లు నింపి, ఎయిర్ పంప్, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి చేపల్ని అందులోకి మార్చండి. రెండు రోజులు మేత వద్దు. కొత్త ఫిల్టర్ వెంటనే పని చేయదు కాబట్టి, మొదటి నెల రోజుకు పావు వంతు నీళ్లు మార్చక తప్పదు. టీవీ పక్కన అందం తగ్గుతుంది, చేపలు బతుకుతాయి.

ప్రశ్న: ప్రతి ఆదివారం బౌల్ మొత్తం కడిగి, తాగే ఆర్వో నీళ్లే పోస్తున్నాం. అయినా నెల తిరిగేసరికి చేప చచ్చిపోతోంది. ఇంటికి తగలాల్సిన దిష్టి చేపకు తగిలిందంటున్నారు మా అత్తయ్య. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కారణం అమ్మోనియా. చేప దాన్ని మొప్పల నుంచి నిరంతరం వదులుతూనే ఉంటుంది. తొట్టిలో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా ఉండేది స్పాంజ్ మీద, గాజు గోడల మీద, అడుగు రాళ్ల మీద. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో వారం వారం దాన్ని తోమి పారేస్తున్నారు.

ఆర్వో నీళ్లు మనకు మంచివే, చేపకు కాదు. వాటిలో ఖనిజాలు బాగా తగ్గిపోతాయి కాబట్టి pHను (నీటి ఆమ్ల, క్షార స్థాయిని) నిలబెట్టే శక్తి ఉండదు, అది ఒక్కసారిగా పడిపోతుంది. అలాగని బోరు నీళ్లు నేరుగా పోసినా తంటానే. చాలాచోట్ల వాటి pH 8 దగ్గర ఉంటుంది. pH 7 నుంచి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమ్మోనియా సుమారు పది రెట్లవుతుంది. బోరు నీటిని బకెట్లో పట్టి, రాత్రంతా గాలి పంపు పెట్టి వాడండి. దాంతో pH తగ్గదు గానీ, ఒకచోట నిలబడుతుంది. నల్లా నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి, లేదా 50 లీటర్లకు ఒక గ్రాము హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు.

వారానికి పావు వంతు నీళ్లే మార్చాలి, మొత్తం కాదు. స్పాంజ్‌ను నల్లా కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. అత్తయ్యగారికి ఒక టెస్ట్ కిట్ చూపించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా కొత్త చేప తేవద్దు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. రెండు ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌లకు కనీసం ఎంత ట్యాంక్ కావాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి: 36, 12, 18 గుణిస్తే 7,776. అంటే 127 లీటర్లు. నీళ్లకే 127 కిలోలు, గాజు, రాళ్లు అదనం కాబట్టి టీపాయ్ మీద పెట్టకండి, ఇనుప స్టాండ్ కావాలి. రాళ్లు లేకుండా ఖాళీ అడుగు ఉంచినా మంచిదే. బఠాణీ గింజంత గులకరాళ్లు నోట్లో ఇరుక్కుంటాయి.

కరెంటు పోతే ఎయిర్ పంప్ గొట్టంలోంచి నీళ్లు వెనక్కి లాగి పంపును పాడు చేస్తాయి. నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి, లేదా పంపును నీటిమట్టానికి పైన తగిలించండి. మునిగే గుళికల మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణాశయం ఉండదు, పేగే అన్నీ. వేసినదంతా తింటుంది కాబట్టి ఆకలితో ఉందనుకోకండి.

ప్రశ్న: పెరట్లో సిమెంటు గోలెం ఉంది. అందులో వేయొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: భేషుగ్గా. చైనాలో పూర్వం గోల్డ్‌ఫిష్‌లను వెడల్పాటి పింగాణీ తొట్లలో పెంచి పైనుంచే చూసేవారు. మీ గోలెం 150 లీటర్లకు తగ్గకుండా ఉంటే రెండు చేపలకు చాలు. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది. రెండు మూడు వారాలపాటు నింపుతూ, పారబోస్తూ ఉండండి. pH 8 దాటకుండా నిలబడ్డాకే చేపలు. మధ్యాహ్నం ఎండ పడని చోట పెట్టి, లకుముకి పిట్టలు, పిల్లులు రాకుండా పైన వల కట్టండి. హైడ్రిల్లా అనే నీటిమొక్క వేస్తే తినేస్తాయి. తిననివ్వండి. దోమ పిల్లల్నీ తింటాయి.

ప్రశ్న: పెంచలేకపోతే చెరువులో వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: వద్దు. అక్వేరియం గాజు మీది పాచిని తినడానికి తెచ్చిన సక్కర్ చేప మన చెరువులు, కాలువల్లో చేరి, ఇవాళ దెయ్యం చేప పేరుతో వలలు చింపుతోంది. తీసుకున్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు.

ప్రశ్న: మరి బౌల్‌లో వేరే ఏ చేప పెట్టవచ్చు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఏదీ వద్దు. ఫైటర్ చేప నేరుగా గాలి పీల్చగలదు కాబట్టి బౌల్‌లో చావకుండా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, అంతే. దానికీ 15–20 లీటర్లు, చిన్న స్పాంజ్ ఫిల్టర్, గెంతి బయట పడకుండా మూత కావాలి. రెండు మగవాటిని కలపకూడదు. మన వేడికి మాత్రం గోల్డ్‌ఫిష్ కంటే అదే బాగా సరిపోతుంది. ఖాళీ అయిన బౌల్‌లో మనీప్లాంట్ కొమ్మ వేసుకోండి.